కడుపు చించుకుంటే

పోయిన మాఘమాసంలో మా బాబాయ్ చిన్న తిరుపతిలో తలనీలాలు ఇచ్చాడు. కాగితాల మీద ఆ ఊరు ద్వారకా తిరుమల. మా వైపు మాత్రం చిన్న తిరుపతే. భీమడోలు దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగి, పామాయిల్ తోటలు దాటుకుంటూ పోతే కొండ వస్తుంది. మా ఊరు అక్కడికి పది కిలోమీటర్లు. పుట్టెంట్రుకల దగ్గర్నుంచి, టెన్త్ పాసైనందుకు, ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినందుకు, నా జుట్టు చాలావరకు ఆ కల్యాణకట్టలోనే పోయింది. ఇంజనీరింగ్ అయ్యాక ఇవ్వడం మానేశాను. నమ్మకం పోయిందని గట్టిగా చెప్పలేను. అలవాటు పోయింది, అంతే.

బాబాయ్‌ది మాత్రం పెద్ద మొక్కు. పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయి, ఆరు నెలలు కీమో అయి, స్కాన్‌లో ఏమీ లేదని చెప్పాక వచ్చాడు. నేను పక్కన కూర్చుని ఆయన చొక్కా, కళ్ళజోడు పట్టుకున్నాను. కత్తి పట్టుకున్నాయన బాబాయ్ తల తడుపుతూ నావైపు చూసి, "తమరు కూడానాండి?" అన్నాడు.

"నాకేం మొక్కు లేదండి. నాకేం కాలేదు" అన్నాను.

బాబాయ్ వంచిన తల ఎత్తకుండానే, "ఏం కాలేదు కాబట్టే ఇవ్వాల్రా నువ్వు" అన్నాడు.

ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. జుట్టూ ఇవ్వలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. దానికి మూడు నెలల ముందు నేను హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేయించుకున్నాను. ఏ నొప్పీ లేదు, రక్తం పడలేదు. బాగున్న మనిషినే వెళ్ళి బల్ల మీద పడుకున్నాను. లోపల ఏదో దొరికింది, తీసేశారు. దానివల్ల నాకు రావాల్సిన కీడు తప్పిందా, లేక అసలు ఏ కీడూ వచ్చేదే కాదా? అది నాకు తెలీదు. తీసిన డాక్టర్‌కీ తెలీదు. జరిగిన మేలుకి మొక్కు తీర్చుకోవడం మనకి బాగా తెలుసు. జరగని కీడుకి మనం ఎవరికి బాకీ పడతాం? ఆ బాకీ ఎలా తీరుతుంది? కొన్ని నెలలుగా నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది.

*

మా నాన్న 2001లో పోయారు. జబ్బు బయటపడేసరికి ఆయనకి 45. నాకు 14. ఊళ్ళో అందరికీ చెప్పింది, నాకూ అక్కకీ చెప్పింది, "కడుపులో పుండు" అని. అల్సర్ అన్నమాట. కారం ఎక్కువ తినేవారు, వేళకి తినేవారు కాదు, అందుకే వచ్చిందని బంధువులు తేల్చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఆవకాయ జాడీకి అమ్మ కాపలా. నేనూ అక్కా అల్సర్‌కి భయపడుతూ పెరిగాం.

ఇరవై రెండేళ్ళ తర్వాత బాబాయ్‌కి విరేచనంలో రక్తం పడటం మొదలైంది. అప్పటికి ఆయనకి 58. మొలలనుకున్నాడు. మా వైపు కింది నుంచి రక్తం పడితే మొలలే, దానికి ఇంకో పేరు లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన బిళ్ళలు కొన్నాళ్ళు, ఎవరో చెప్పిన పసరు కొన్నాళ్ళు, గోడ మీద ఫోన్ నంబర్ చూసి వెళ్ళిన పైల్స్ వైద్యం కొన్నాళ్ళు. మొత్తం ఎనిమిది నెలలు. బరువు తగ్గి, మనిషి పాలిపోయాక ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ్నుంచి విజయవాడ. అక్కడ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఇంట్లో ఇంకెవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అని.

"లేదండి. మా అన్నయ్య అల్సర్‌తో పోయాడు" అన్నాడు బాబాయ్.

అమ్మ కూడా అక్కడే ఉంది, పిన్నికి తోడుగా వెళ్ళింది. కాసేపు ఊరుకుని, "అల్సర్ కాదండి. ఆయనకీ ఇదే" అందట.

నేను అప్పుడు అక్కడ లేను. పిన్ని చెప్పింది. బాబాయ్ "వదినా!" అని ఒక్కటే మాట అన్నాడట. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ ఊసు ఎత్తలేదు.

న్యూజెర్సీలో ఉన్న అక్కకి నేనే ఫోన్ చేసి చెప్పాను. అక్కడ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు ఒక ఫారం ఇస్తారు, రక్తసంబంధీకుల్లో ఎవరికి ఏ జబ్బు ఉందో టిక్ పెట్టాలి. "పదిహేనేళ్ళుగా క్యాన్సర్ ఎదురుగా లేదు అనే టిక్ పెడుతున్నాన్రా" అంది అక్క. కాసేపాగి, "నాకు తెలీకుండా నాచేత అబద్ధం రాయించింది అమ్మ" అంది.

*

తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరికైనా అరవై లోపు పేగు క్యాన్సర్ వచ్చిందంటే, మిగతావాళ్ళు నలభయ్యో ఏట గానీ, ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోమని డాక్టర్లు చెబుతారు. నాన్నకి 45. పదేళ్ళు తీసేస్తే 35. నాకప్పటికే 36. అయినా రిలీజ్ ఉందనీ, ఆన్‌కాల్ నా వంతనీ ఇంకో ఏడాది నెట్టాను. చదువుకున్నవాడినే.

పరీక్ష కంటే ముందురోజే కష్టం. రెండు మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, గింజలు ఉన్న తిండి మానేయాలి. ముందురోజు కొబ్బరినీళ్ళు, వడకట్టిన చారు, అంతే. రాత్రి సగం, తెల్లవారుజామున సగం, రెండు లీటర్ల మందు నీళ్ళు తాగాలి. ఉప్పు నిమ్మరసంలో ఎవరో కొంచెం సబ్బు కలిపినట్టుంటుంది. రాత్రంతా బాత్రూమ్‌లోనే. పొద్దున మత్తిచ్చారు. లేచేసరికి అయిపోయింది. రెండు పాలిప్‌లు కనపడ్డాయి, తీసేశామన్నారు. పెద్దది ఎనిమిది మిల్లీమీటర్లు. బయాప్సీలో అడినోమా అని వచ్చింది. అంటే క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారగల రకం. ఐదేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు.

పాలిప్ అంటే పేగు లోపలి గోడ మీద పులిపిరికాయ లాంటి చిన్న బొడిపె. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇలాంటి వాటినుంచే మొదలవుతాయి. ఒక జన్యువు చెడటం, ఆ తర్వాత ఇంకోటి చెడటం, ఇలా మెట్లుమెట్లుగా జరుగుతుందని ఫియరన్, వోగెల్‌స్టీన్ 1990లో వివరించారు. మామూలుగా దీనికి పదేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుంది. అంతకాలం నొప్పి ఉండదు, ఏ కబురూ అందదు. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ లాగ్‌లో ఒక్క లైన్ కూడా పడకుండా బగ్ పెరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు అలాంటి పాలిప్ పేగు పైభాగంలో ఉంటే తీయడానికి పొట్ట కోయాల్సి వచ్చేది. 1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా అనే డాక్టర్ కొలనోస్కోప్ గొట్టంలోంచి ఒక తీగ ఉచ్చు పంపించి, పాలిప్‌ని బిగించి కత్తిరించాడు. కడుపు కోయకుండా లోపలికి చూడటమే కాదు, చూసినచోటే తీసేయడం కూడా అప్పటినుంచి కుదిరింది.

ఇంతవరకు బాగానే ఉంది. తిరకాసు ఇక్కడే మొదలవుతుంది. అడినోమాల్లో చాలావరకు ఎప్పటికీ క్యాన్సర్ కావు. నా ఎనిమిది మిల్లీమీటర్లు ఇంకో నలభై ఏళ్ళు అక్కడే బుద్ధిగా ఉండిపోయేదేమో. నేను ఇంకేదో జబ్బుతో, ముసలివాడినై, దాని సంగతి తెలీకుండానే పోయేవాడినేమో. నన్ను చూసి స్నేహితులు "టైమ్‌కి చూపించుకున్నావ్, బతికిపోయావ్" అంటున్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చే దారి లేదు. తీసేసిన పాలిప్‌ని మళ్ళీ పెట్టి చూడలేం కదా.

*

ఒక్క మనిషి విషయంలో తేలనిది వేలమందిని చూస్తే తేలుతుంది. పోలాండ్, నార్వే, స్వీడన్‌లలో 55 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న 84,585 మంది మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితం 2022లో వచ్చింది. అందులో 28,220 మందిని కొలనోస్కోపీకి పిలిచారు, మిగతావాళ్ళని పిలవలేదు. పిలిచినవాళ్ళలో చేయించుకున్నది నూటికి 42 మందే. పదేళ్ళ తర్వాత లెక్క చూస్తే, పిలవని గుంపులో పదివేలమందికి 120 మందికి పేగు క్యాన్సర్ వచ్చింది. పిలిచిన గుంపులో 98 మందికి. అంటే 455 మందిని పిలిస్తే ఒక్కరికి తప్పింది. చావుల్లో తేడా ఇంకా చిన్నది, పదివేలకి 31, 28. అది కాకతాళీయం కాదని అనడానికి చాలదు. పిలిచినవాళ్ళంతా వచ్చుంటే ఫలితం ఇంకా బాగుండేదని ఆ పరిశోధకులే లెక్కగట్టారు.

నన్ను ఆపింది ఆ 455. ఒకరికి తప్పింది, నిజమే. కానీ ఆ ఒకరు ఎవరు? ఆ మనిషికే తెలీదు. ఎక్కడో పోలాండ్‌లో ఒక పెద్దాయన ఈపాటికి పోయి ఉండాల్సినవాడు, కూరలు కొనుక్కుని ఇంటికి నడిచి వెళ్తుంటాడు. తను దేన్నుంచి తప్పించుకున్నాడో ఆయనకి తెలిసే అవకాశమే లేదు. మిగిలిన 454 మందిలో పరీక్షకి వెళ్ళినవాళ్ళు ఆ సబ్బు నీళ్ళు ఊరికే తాగినట్టు. ఎవరు ఊరికే తాగారన్నది కూడా ఎవరికీ తెలీదు. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1980లలోనే ఈ చిక్కుని పట్టుకున్నాడు. సమాజం మొత్తానికి పెద్ద మేలు చేసే ముందుజాగ్రత్త, దాన్ని పాటించే ఒక్కో మనిషికి చేసే మేలు చాలా కొంచెమే అని.

ఈ చిక్కు మా తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పుట్టుకతోనే తెలిసుండాలి. మాకు ముందు తరం వాళ్ళు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానాలెక్కింది వైటూకే పని మీదే. లక్షల లైన్ల పాత కోడ్‌లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నచోట్లన్నీ వెతికి సరిచేశారు. 2000 జనవరి 1 వచ్చింది. పెద్దగా ఏం జరగలేదు. వెంటనే జనం ఏమన్నారు? "అదంతా ఉత్త హడావుడి" అన్నారు. పని సరిగ్గా చేసినందుకు దొరికిన బహుమతి అది. మా టీమ్‌లో కూడా అంతే. రాత్రి రెండింటికి కూలిపోయిన సర్వర్‌ని నిలబెట్టినవాడికి చప్పట్లు. అది కూలకుండా ఆర్నెల్ల ముందు చిన్న మార్పు చేసినవాడి పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

కథ ఉన్నచోటికే మనం పరిగెడతాం. 2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. నాలుగు రోజుల్లో వందల మంది ఆసుపత్రిలో చేరారు. ముఖ్యమంత్రి వచ్చారు, ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి నిపుణులు వచ్చారు, రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు, దేశమంతా ఏలూరు పేరు వింది. అలా పరిగెత్తడం తప్పు కాదు. కానీ అదే ఏలూరు చుట్టుపక్కల మొలలనుకుని నెలల తరబడి పసర్లు మింగుతున్నవాళ్ళ కోసం ఏ బండీ రాదు. అందులో చెప్పుకోడానికి ఏమీ లేదు. మొక్కు కూడా ఒక కథే. ఆపద వచ్చింది, దండం పెట్టాం, గట్టెక్కాం, ఇచ్చుకున్నాం. బాబాయ్‌ది కథ. నాది కాదు. సాహిత్యం చదివి, పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునే నాలాంటివాడికి ఇది కాస్త ఇబ్బందిగానే ఉంది. నా జీవితంలో జరిగిన అతి పెద్ద మేలు ఇదేనేమో, దానికి కథ లేదు. ఇదేమీ కాదేమో కూడా.

*

అలాగని అందరూ వెళ్ళి కొలనోస్కోపీ చేయించుకోవాలని నేననను. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళు దాటిన అందరినీ పేగు క్యాన్సర్ పరీక్షలు చేయించుకోమంటున్నారు. మన దేశంలో ఈ క్యాన్సర్ అక్కడికంటే చాలా తక్కువ. మన ప్రభుత్వం ముప్పై దాటినవాళ్ళకి చేయించే క్యాన్సర్ పరీక్షలు మూడే, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పేగు అందులో లేదు, లేకపోవడానికి కారణం ఉంది. పరీక్ష కూడా ఉత్తపుణ్యానికి రాదు. వేలల్లో ఒకరికి పేగుకి చిల్లు పడొచ్చు. కొందరికి పాలిప్ తీసినచోట రక్తం కారుతుంది. రోగం లేని మనిషిని బల్ల ఎక్కించేటప్పుడు ఆ ఒక్కరి గురించి కూడా ఆలోచించాలి. విల్సన్, యుంగ్‌నర్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన సూత్రాల్లో సారాంశం ఇదే. వెతకగలిగినంత మాత్రాన ప్రతిదాన్నీ వెతకకూడదు. జబ్బు పెద్దదై ఉండాలి, దొరికితే వైద్యం ఉండాలి, ఖర్చుకి తగ్గ ఫలం ఉండాలి. పండక్కి ఆఫర్ పెట్టి అమ్మే హెల్త్ చెకప్ ప్యాకేజీలు ఈ ప్రశ్నలేవీ అడగవు.

నైపుణ్యం మన దగ్గర లేదా అంటే, ఉంది. ఎండోస్కోపీలో చేసిన పనికి హైదరాబాద్ డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. కానీ మా ఊరి మనిషికి హైదరాబాద్ కంటే ఆర్ఎంపీ దగ్గర, ఆర్ఎంపీ కంటే పసరు దగ్గర. అక్కడ కావాల్సింది అందరికీ కొలనోస్కోపీ కాదు. రక్తం పడితే సిగ్గుపడకుండా చెప్పడం, చెప్తే మొలలే అని కొట్టిపారేయకుండా చూసే డాక్టర్ ఉండటం. విరేచనంలో కంటికి కనపడని రక్తాన్ని కూడా పట్టే చవకైన పరీక్షలున్నాయి.

మరి నేనెందుకు వెళ్ళాల్సి వచ్చింది? మా నాన్న వల్ల. దారిన పోయే 37 ఏళ్ళ మనిషిని ఆ బల్ల ఎక్కించడం అనవసరం. నన్ను ఎక్కించడం అవసరం. తేడా అంతా ఒక్క వాక్యంలో ఉంది, "ఆయనకీ ఇదే" అన్న వాక్యంలో. నాకు కథ లేదన్నాను కదా. ఆయన కథని ఎవరో ఒకరు ఉన్నదున్నట్టు చెప్పబట్టే నాకు కథ లేకుండా పోయింది.

*

అమ్మ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకు దాచావని అడిగితే ఒకటే సామెత చెప్పింది. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది నాన్నా."

ఇంటి గుట్టు బయటపెడితే నష్టపోయేది మనమే అని దానర్థం. అమ్మ వైపు నుంచి చూస్తే అది వట్టి సామెత కాదు. 2001లో మా అక్కకి పద్దెనిమిది. తండ్రి లేని పిల్ల. పైన క్యాన్సర్ ఇల్లు అన్న పేరు కూడా పడితే సంబంధాలు వచ్చేవా? ఎవరికీ చెప్పొద్దని నాన్నే మాట తీసుకున్నారట. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అమ్మ అప్పుడే చెప్పినా 2001లో మా ఊళ్ళో ఎవరూ కొలనోస్కోపీకి పరిగెత్తేవారు కాదు. ఆ పేరే మాకు తెలీదు. ఆ రోజుకి ఆ గుట్టు ఎవరికీ హాని చేయలేదు.

అది ఎప్పుడు హానిగా మారిందో అమ్మకీ తెలీదు. అక్క పెళ్ళయిపోయింది, నాకు ఉద్యోగం వచ్చింది, మా ఏరియాలో కూడా ఎండోస్కోపీ బోర్డులు వెలిశాయి. చెప్పడానికి అడ్డమున్న కారణాలు ఒక్కొక్కటే పోయాయి. గుట్టు మాత్రం అలాగే ఉండిపోయింది, నొప్పి లేకుండా, దాని మానాన అది పెరుగుతూ. ఇరవై రెండేళ్ళకి రక్తం పడింది, బాబాయ్‌కి.

చిన్న తిరుపతి స్వామి గురించి మా వైపు పిల్లలందరికీ చెప్పే సంగతి ఒకటుంది. స్వయంభువుగా పుట్టలో వెలసిన మూర్తికి పైసగమే కనపడుతుంది. కింది సగం లోపలే ఉందనీ, పాదాలకి పాతాళంలో బలి చక్రవర్తి పూజ చేస్తాడనీ చెప్తారు. మూర్తికి అభిషేకం చేయరు. ఒక్క చుక్క నీళ్ళు పడ్డా కింద ఉన్న ఎర్రచీమలు కదిలి బయటికొస్తాయట. మా అమ్మది ఆ గుడి పద్ధతి. కింద ఏముందో తెలుసు, అందుకే నీళ్ళు పోయదు. కానీ ఆ గుడిలోనే ఇంకో సంగతి కూడా ఉంది. పాదపూజ లేదని భక్తులు బాధపడితే, స్వామిని తవ్వి పైకి తీయలేదు. పాదాలు కనపడేలా నిండు విగ్రహాన్ని వెనక ప్రతిష్ఠించారు, రామానుజులు చేయించారంటారు. అందుకే ఒకే శిఖరం కింద ఇద్దరు మూలమూర్తులు. మర్యాద చెడకుండా చూసే దారి ఒకటి వెతికారన్నమాట. గుట్టు పోకుండా నిజం చెప్పే దారి మా ఇంట్లో ఎవరూ వెతకలేదు. నాతో సహా. నాన్న ఏ జబ్బుతో పోయారని నేనెప్పుడైనా గట్టిగా అడిగానా?

చెప్పినవాళ్ళ వల్ల ఏం జరిగిందో కూడా చూడండి. 1895లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వార్తిన్‌తో, బట్టలు కుట్టే ఒకావిడ, మా ఇంట్లో చాలామంది కడుపు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోయారు, నేనూ అలాగే పోతానని అంది. అలాగే పోయింది. వార్తిన్ ఆ కుటుంబం వివరాలన్నీ రాసిపెట్టి 1913లో అచ్చువేశాడు. 1960లలో హెన్రీ లించ్ అలాంటి కుటుంబాల్ని వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఆవిడ చెప్పిన దాదాపు వందేళ్ళకి ఆ కుటుంబంలో చెడిన జన్యువు ఏదో దొరికింది. ఆవిడ ప్రాణం దక్కలేదు. కానీ కడుపు చించుకుని ఆవిడ చెప్పిన మాట ఎంతమందికి పనికొచ్చిందో లెక్కలేదు. అంత దూరం ఎందుకు, మా పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆయన ఆ జబ్బుని మర్చిపోలేదు. 1945లో లెడర్లీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూకి మందైంది. బాబాయ్ కీమోలో కలిపిన ల్యూకోవోరిన్ ఆ ఫోలిక్ యాసిడ్‌కి చుట్టమే.

*

ఇదంతా తేల్చుకున్నానని అనుకుంటున్న సమయంలో పిన్ని ఫోన్ చేసింది.

బాబాయ్ వాళ్ళమ్మాయికి 27. సంబంధం చూస్తున్నారు, తాడేపల్లిగూడెం వాళ్ళు, మాటలు చివరికొచ్చాయి. బాబాయ్‌కి అయింది పేగులో గడ్డ ఆపరేషన్ అని చెప్పారు. గడ్డ, అంతే. చెల్లికి కూడా నాన్నకి క్యాన్సర్ అని తెలుసు గానీ పెదనాన్నదీ అదేనని తెలీదు. ఇద్దరన్నదమ్ములకీ వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష చేయిద్దామని డాక్టర్ అన్నాడు. లించ్ లాంటిది తేలితే పిల్లలకి ఇరవై, ఇరవై అయిదేళ్ళ నుంచే కొలనోస్కోపీలు మొదలుపెట్టాలి. తేలకపోతే నలభై దాకా ఆగొచ్చు.

"ఇప్పుడొద్దు నాన్నా. పెళ్ళి కానియ్. ఆ తర్వాత చేయిద్దాం, అప్పుడే చెబుదాం" అంది పిన్ని. "ఇది నీకూ మీ అక్కకీ చాలు. దానికెందుకు?"

పిన్ని మాటల్లో నాకు 2001 నాటి అమ్మ వినపడింది. తప్పని చెప్పడం సులువు. కానీ ఆ సంబంధం తప్పిపోతే అనుభవించేది నేను కాదు. నీతి చెప్పేవాడి కాళ్ళమీద ఏమీ పడదు. పడేది చెల్లి కాళ్ళమీద.

అప్పటికి నా మొక్కు తీర్చుకున్నాననే అనుకుంటున్నాను నేను. ఒక క్యాన్సర్ ట్రస్టుకి డబ్బు పంపాను, రసీదు కూడా వచ్చింది, టాక్స్‌లో పనికొచ్చేది. మా వైపు ఒక నియమం ఉంది. పెద్ద తిరుపతి మొక్కుని చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు. చిన్న తిరుపతి మొక్కుని మాత్రం అక్కడే తీర్చాలి, పెద్ద తిరుపతిలో చెల్లదు. చిన్నప్పుడు ఇదేం లెక్క అనిపించేది. ఇప్పుడు అర్థమైనట్టుంది. కొన్ని బాకీలు ఎక్కడ పడ్డామో అక్కడే తీరతాయి. మా ఇంట్లో నాన్న చావు గురించి చెప్పిన నిజం వల్ల నాకు మేలు జరిగింది. ఆ బాకీని ముక్కూమొహం తెలీని ట్రస్టుకి కడితే చెల్లదు. మా ఇంట్లోనే తీర్చాలి.

అయితే చెల్లికి ఫోన్ చేసి చెప్పేయాలా? అక్కడ కూడా ఆగాను. బాబాయ్ జబ్బు బాబాయ్‌ది. ఎవరికి చెప్పాలన్నది ఆయనిష్టం. కానీ ఆ జబ్బు చెల్లి ఒంట్లో ఉండే అవకాశం మాత్రం బాబాయ్‌ది కాదు, పిన్నిది కాదు, నాది అసలే కాదు. అది చెల్లిది. తనది తన దగ్గర్నుంచి దాచే హక్కు ఎవరికీ లేదు, ఎంత ప్రేమ ఉన్నా సరే. చాలా పుస్తకాలు తిరగేశాక నేను తేల్చుకున్నది ఇంతే. జబ్బు ఎవరిదో గుట్టు వాళ్ళది. ప్రమాదం ఎవరిదో నిజం వాళ్ళది. రెండూ కలిసిపోయినచోట ముందు జబ్బు ఉన్న మనిషిని అడగాలి.

బాబాయ్‌నే అడిగాను. ఊరెళ్ళి, ఎదురుగా కూర్చుని. పిన్ని చెప్పిందీ, నేననుకున్నదీ రెండూ చెప్పాను. గుండు మీద జుట్టు అరంగుళం పెరిగింది, నిమురుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

"వదిన అప్పుడే చెప్పుంటే నేను ఎనిమిది నెలలు పసరు తాగేవాణ్ణి కాదురా" అన్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. కోపంగా అనలేదు. "దాన్ని పిలువు."

ఆయనే చెప్పాడు, పిన్ని ఎదురుగానే. పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెల్లి ఏడవలేదు. పెదనాన్నకి ఎన్నేళ్ళప్పుడు వచ్చిందని అడిగింది. నన్ను, "ఆ మందు నీళ్ళు నిజంగా అంత ఛండాలంగా ఉంటాయా అన్నయ్యా?" అని అడిగింది. ఉంటాయన్నాను.

బాబాయ్ రక్తం శాంపిల్ పరీక్షకి పంపారు. రిపోర్ట్ ఇంకా రాలేదు. తాడేపల్లిగూడెం అబ్బాయికి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తను చూసుకుంటానంది చెల్లి. చెప్పిందో లేదో నేనడగలేదు. ఇక అది తన గుట్టు.